పదిహేనుగురి లెక్క: పొరుగు రాష్ట్రాల తెలుగు తరగతులు, సహవిద్యపై తల్లిదండ్రుల తర్జనభర్జన

ఒక ఊళ్లో ఎనిమిదవ తరగతిలో చేరవలసిన తెలుగు పిల్లలు 28 మంది ఉన్నారనుకుందాం. వారిలో 14 మంది మగపిల్లలు, 14 మంది ఆడపిల్లలు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే తెలుగు మాధ్యమ తరగతి అడగడానికి సరిపడే సంఖ్య ఉన్నట్టే. సగం మందిని బాలుర ఉన్నత పాఠశాలకూ, సగం మందిని బాలికల ఉన్నత పాఠశాలకూ పంపితే రెండు చోట్లా ఆ సంఖ్య లేనట్టే. పిల్లలు వారే, ఊరు అదే, భాషా అదే. మారింది గోడ ఒక్కటే. పొరుగు రాష్ట్రాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి విద్యాచరిత్రను రాసేవారు మాధ్యమం గురించి ఎంతో రాశారు, స్త్రీవిద్య గురించి కొంత రాశారు. ఈ రెండూ ఒకే బెంచీ మీద ఎలా ఢీకొన్నాయో చెప్పినవారు తక్కువ. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఆ సంగతినే.

ముందుగా ఈ సంఖ్య ఎక్కడిదో చెప్పుకోవాలి. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ప్రాథమిక దశకు ఒక కొలత పెట్టింది. రాష్ట్రభాష కాని భాషను మాతృభాషగా గల పిల్లలు తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తంమీద 40 మంది గాని ఉంటే వారి భాషలో చెప్పగల ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది ఆ తీర్మానం. 1956లో రాజ్యాంగానికి చేసిన ఏడవ సవరణ 350-ఎ అధికరణాన్ని చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యాలు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీదా స్థానిక సంస్థల మీదా ఉంచింది. మాధ్యమిక దశ ఆ అధికరణం పరిధిలోకి రాలేదు. ఆ లోటును పూడ్చడానికి 1961లో ముఖ్యమంత్రుల సమావేశం మరో కొలత ఒప్పుకుంది: ఉన్నత పాఠశాల చివరి నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, ఒక్కొక్క తరగతిలో 15 మంది ఉండాలి. మొదటి నాలుగేళ్లపాటు తరగతికి 15 మంది ఉంటే చాలు. దీనికి తోడు మరో రెండు ఏర్పాట్లు వచ్చాయి. బడి తెరవడానికి మూడు నెలల ముందే అల్పసంఖ్యాక భాషల పిల్లల పేర్లు నమోదు చేసుకునే రిజిస్టరు ఒకటి. ఒక బడిలో సంఖ్య చాలకపోతే ఆ పిల్లలను దగ్గరలోని మరో బడిలో సర్దుబాటు చేయడం రెండవది.

ఈ కొలతల్లో 'విద్యార్థులు' అన్న మాటే ఉంది. ఆ విద్యార్థులు ఆడపిల్లలా మగపిల్లలా అన్న ప్రశ్న లేదు. న్యాయంగా ఉండనక్కర్లేదు కూడా. కాని అదే కాలంలో మరో వరుస సంఘాలు, మరో వరుస నివేదికలు ఆడపిల్లల చదువు పెరగాలంటే వీలైనచోట వారికి వేరే పాఠశాలలుండాలని చెబుతూ వచ్చాయి. భాషాహక్కుల ఫైలు ఒక కార్యాలయంలో, స్త్రీవిద్య ఫైలు మరో కార్యాలయంలో నడిచాయి. రెండూ మంచి ఉద్దేశంతో నడిచినవే. పాతికా ముప్పై మంది పిల్లలున్న తెలుగు ఊరికి వచ్చేసరికి ఒక మేలు రెండో మేలును తినివేసింది.

వేరు బడి అన్న ఆలోచన ఎంత పాతదో తెలుసుకోవడానికి చెన్నపట్నం దాకా వెళ్లాలి. పందొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో ఆ నగరంలో హిందూ బాలికల పాఠశాలలు స్థాపించి పోషించినవారిలో విజయనగరం మహారాజు ముఖ్యులు. అంటే నగరంలోని ఆడపిల్లల చదువుకు తొలి ధనసహాయంలో తెలుగు సంస్థానం వాటా ఉంది. మేరీ కార్పెంటర్ 1866లో ఈ దేశానికి వచ్చినప్పుడు ప్రధానంగా వాదించినది, ఆడపిల్లలకు చెప్పడానికి ముందు స్త్రీలైన ఉపాధ్యాయులు కావాలని. 1870లో మద్రాసులో స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల తెరిచారు, 1883లో 'సతీహితబోధిని' పత్రిక నడిపి బడికి రాలేని స్త్రీలకు చదువును ఇంటికే పంపారు. తరువాతి కాలంలో రాజమహేంద్రవరంలో బాలబాలికలను కలిపి కూర్చోబెట్టిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు.

1882 నాటి హంటర్ కమిషను చెప్పినది ఇక్కడ గుర్తుంచుకోదగినది. చిన్నపిల్లల తరగతులు తప్ప మిగిలిన చోట్ల మిశ్రమ పాఠశాలలు ఈ దేశ పరిస్థితులకు సాధారణంగా తగవని ఆ కమిషను అభిప్రాయపడింది. ఆ వెంటనే, బాలికల పాఠశాల నడపడానికి వీలులేని చోట ఆడపిల్లలు మగపిల్లల బడికి వెళ్లడాన్ని ప్రోత్సహించాలని కూడా అన్నది. ఒక చేత్తో తలుపు మూసి, రెండో చేత్తో కిటికీ తెరిచినట్టున్న ఈ వాక్యం తరువాతి 80 ఏళ్ల విధానానికంతటికీ మూస అయింది. మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో ఆడపిల్లలు ఎక్కువగా చదివినది ఆ కిటికీలోంచే, అంటే మగపిల్లల ప్రాథమిక బడిలోనే. నాలుగో తరగతి, ఐదో తరగతి వరకు దానికి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. అడ్డు వచ్చినది ఆ పైన.

ఆ పైన ఎందుకు వచ్చిందో చెప్పడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు. శారదా చట్టం 1929లో ఆడపిల్ల పెళ్లి వయసును 14 ఏళ్లుగా నిర్ణయించింది, 1930 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. అంతకుముందు చాలా ఇళ్లలో హైస్కూలు వయసు వచ్చేసరికే ఆడపిల్ల అత్తవారిల్లు చేరేది, కాబట్టి ఏ హైస్కూలు అన్న ప్రశ్నే పుట్టలేదు. పెళ్లి వయసు పైకి జరిగినకొద్దీ పదమూడేళ్ల పిల్ల పుట్టింట్లో ఉండిపోయింది. ఫస్టు ఫారం, సెకండు ఫారం చదివినా థర్డు ఫారం నాటికి పెద్దమనిషి అవుతుంది. మాలో భాషాశాస్త్రం చదివినవారికి 'పెద్దమనిషి' అన్న మాట ఎప్పుడూ ఆసక్తికరమే. మగవాడి విషయంలో అది గౌరవం, ఆడపిల్ల విషయంలో శరీరధర్మం. ఒకే మాట ఒకరిని సభకు పిలుస్తుంది, మరొకరిని బడి నుంచి ఇంటికి రప్పిస్తుంది.

ఈ కథలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు రాకుండా ఉండదు. కాకినాడలో చిన్నతనంలోనే ఆడవారికి హిందీ నేర్పే బాలికా పాఠశాల నడిపిన ఆమె, తన చదువును మాత్రం సక్రమమైన బడిమెట్ల మీదుగా ఎక్కలేకపోయారు. బెనారసు మెట్రిక్యులేషను ప్రైవేటుగా చదివి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టా పొంది, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. విశ్వవిద్యాలయంలో స్త్రీలకు వసతిగృహం లేదని అడ్డు వచ్చినప్పుడు, చదువుకోదలచిన తోటి అమ్మాయిలను పోగుచేసి వసతి తామే ఏర్పాటు చేసుకున్న వృత్తాంతం ఆమె ఆత్మకథలో ఉంది. ఆ ఉదంతంలో మాకు కనిపించే విషయం సంఖ్య. ఒక్క అమ్మాయికి వసతి లేదు, పదిమంది అయితే ఉంది. చదువుకోవాలన్న కోరిక చాలదు, తనవంటివారిని లెక్క చూపించాలి.

మద్రాసులో ఆమె 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్లలో చేసిన ముఖ్యమైన పని, బడి మధ్యలో మానేసిన స్త్రీలను బెనారసు మెట్రిక్యులేషనుకు తయారుచేయడం. నగరంలో అప్పటికి బాలికల ఉన్నత పాఠశాలలు లేకపోలేదు. 1914లో క్వీన్ మేరీస్ కళాశాల, మరుసటి ఏడు విమెన్స్ క్రిస్టియన్ కళాశాల వచ్చాయి. కాని తెలుగులో చదవడం మొదలుపెట్టి ఐదో తరగతి దగ్గర ఆగిపోయిన పడుచులకు, బాలవితంతువులకు ఆ గుమ్మాలు అందేవి కావు. సభ చేసినదేమిటంటే, బడిలో సీటు దొరకనివారికి బడి అవసరం లేకుండానే పరీక్ష అందించడం. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యాకోర్సులు ప్రవేశపెట్టినప్పుడు దానికి వెనుక ఉన్న అనుభవం ఇదే.

నగరంలోని తెలుగువారి ఇతర విద్యాదానాలను చూసినా ఈ వేరుపాటే కనిపిస్తుంది. జార్జిటౌనులో శ్రీ కన్యకా పరమేశ్వరీ దేవస్థానం వారి ధర్మసంస్థ బాలురకు ఉన్నత పాఠశాల, స్త్రీలకు కళాశాల వేరువేరుగా నడిపింది. 1928లో 'గృహలక్ష్మి' పత్రిక స్థాపించి స్త్రీల రచనలకు చోటిచ్చిన డాక్టరు కె. ఎన్. కేసరి పేరు మీద కూడా తెలుగు పిల్లలకు పాఠశాల ఉంది. నగరంలో తెలుగు జనాభా దట్టంగా ఉన్న వీధుల్లో వేరు బడి అనేది భరించగల ఖర్చు. ఇబ్బంది నగరం దాటాకనే మొదలవుతుంది.

స్వాతంత్ర్యం తరువాతి సంఘాల మాటలు హంటర్ మూసలోనే సాగాయి. 1948-49లో రాధాకృష్ణన్ సంఘం పదమూడు, పద్నాలుగు ఏళ్ల నుంచి పద్దెనిమిది వరకు వేరు పాఠశాలలు మేలన్న అభిప్రాయాన్ని నమోదు చేసింది. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు నాయకత్వాన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘం సహవిద్య మీద నిషేధమేమీ పెట్టలేదు. వీలైనచోట బాలికలకు వేరు పాఠశాలలు తెరవాలనీ, మిశ్రమ పాఠశాలల్లో స్త్రీలు కూడా బోధకులుగా ఉండాలనీ, ఏది ఎంచుకోవాలన్నది తల్లిదండ్రుల ఇష్టమనీ అన్నది. 1958-59లో దుర్గాబాయి అధ్యక్షత వహించిన జాతీయ స్త్రీవిద్యా సంఘం, 1962లో హంసా మెహతా సంఘం, 1963లో గ్రామాల్లో ఆడపిల్లల చదువుకు ప్రజల మద్దతు ఎందుకు లేదో చూడడానికి వేసిన భక్తవత్సలం సంఘం, అన్నీ తల్లిదండ్రుల మనసును కేంద్రంగా పెట్టుకున్నవే. తల్లిదండ్రులకు పూర్తి స్వేచ్ఛ అన్న మాట వినడానికి బాగుంటుంది. రెండు బడులున్న ఊళ్లోనే దానికి అర్థం.

ఈలోగా సరిహద్దులు కదిలాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు కొత్త రాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిననాడే బళ్లారి మైసూరులో చేరింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. నిన్నటిదాకా ప్రాంతీయభాషగా ఉన్న తెలుగు మరునాటికి లెక్కపెట్టి చూపవలసిన భాష అయింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 35 లక్షలు, మహారాష్ట్రలో సుమారు 13 లక్షలు, ఒడిశాలో సుమారు 7 లక్షలు. ఈ లక్షలు విని సంతోషించేవారికి మేము చెప్పేదొకటే. బడిలో లక్షలు కూర్చోవు. ఒక తరగతిలో పదిహేనుమంది కూర్చుంటారు, లేదా కూర్చోరు.

సర్దుబాటు అన్న ఏర్పాటును ఆడపిల్ల వైపు నుంచి చూడాలి. ఒక ఊరి బడిలో తెలుగు పిల్లలు తొమ్మిదిమందే ఉంటే పక్క ఊరి బడిలో కలపవచ్చునని నిబంధన. కాగితం మీద ఇది ఉదారమైన ఏర్పాటు. కాని పక్క ఊరికి పొలాల గట్టున నడిచి వెళ్లేది ఎవరు? మగపిల్లవాడు వెళతాడు. ఆడపిల్ల కూడా పదేళ్లు నిండేదాకా అన్నతోనో తమ్ముడితోనో వెళుతుంది. ఆ తరువాత తల్లి ఆపేస్తుంది. ఆ తొమ్మిదిమందిలో నలుగురు ఆడపిల్లలైతే, ఆపిన రోజున మిగిలేది ఐదుగురు. వారిని తెచ్చి కలుపుకుంటే తన సంఖ్య నిలుస్తుందనుకున్న పక్క ఊరి తెలుగు తరగతి కూడా దానితో పడిపోతుంది. ఇక్కడ ఆగిన ఆడపిల్ల అక్కడి మగపిల్లవాడి మాధ్యమాన్ని మార్చివేసిందన్నమాట. ఈ గొలుసును తల్లిదండ్రుల సభల్లో ఎవరూ ఇలా విప్పి చెప్పరు. తెలుగు తరగతి ఎత్తేశారంటే 'రాష్ట్ర ప్రభుత్వం మనకు అన్యాయం చేసింది' అంటారు. చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు లెక్క మన ఇంట్లోనే తగ్గింది.

హోసూరు, తిరుత్తణి వైపు పల్లెల్లో పెద్దవారితో మాట్లాడినప్పుడు మేము విన్న వాదనలు నీతి గురించి తక్కువ, సదుపాయాల గురించి ఎక్కువ. ఆడ ఉపాధ్యాయురాలు ఉందా? మరుగుదొడ్డి ఉందా? బస్సు బడి వదిలే వేళకు ఉందా, చీకటిపడ్డాక ఉందా? తండ్రులు సాధారణంగా 'ఊళ్లో ఏమనుకుంటారు' అని మొదలుపెడతారు. తల్లులు నేరుగా మరుగుదొడ్డి దగ్గరికి వస్తారు. సహవిద్యకు వ్యతిరేకులని ముద్రపడిన ఒక తరం తల్లులు నిజానికి అడిగినది తలుపున్న గది. దానిని సంప్రదాయమని పేరుపెట్టి నివేదికల్లోకి ఎక్కించడం సులువు, గది కట్టడం ఖర్చు. 'కోఎడ్' అన్న మాట ఈ పల్లెల్లో మేము వినలేదు. 'కలిపి చదివే బడి' అంటారు. కలపడం అన్న క్రియలో పిల్లలు కలవడం లేదు, ఎవరో కలుపుతున్నారు. ఆ ఎవరో తమను అడగలేదన్న కినుక ఆ మాటలోనే ఉంది.

మరో వాదన పెళ్లి సంబంధాలది. సరిహద్దు ఊళ్లలో మేనరికాలు, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు చిత్తూరు, అనంతపురం జిల్లాల వైపు సాగుతాయి. ఆడపిల్ల ఆంధ్రవైపు వెళ్లవచ్చు గనుక ఆమెకు తెలుగు చదువు కావాలనీ, ఉన్నచోటే ఉద్యోగం చూసుకోవలసిన మగపిల్లవాడికి రాష్ట్రభాష కావాలనీ కొందరంటారు. ఇది వినడానికి తెలుగుకు అనుకూలమైన వాదనే. కాని తెలుగు తరగతి ఆడపిల్లలదిగా, తమిళ తరగతి మగపిల్లలదిగా విడిపోతే పదిహేను ఎక్కడినుంచి వస్తారు? ఎదురు వాదన చేసేవారు కూడా ఉన్నారు. ఆడపిల్లను పట్నంలో కన్యాశ్రమాల వారి బాలికల పాఠశాలలో వేస్తే భద్రంగా ఉంటుంది, మగపిల్లవాడు ఊరి తెలుగు బడిలో చదువుతాడు అని.

ఈ రెండో పద్ధతి మిగిల్చిన గుర్తులు ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. అన్నగారు తెలుగులో ఉత్తరం రాస్తారు, పద్యం చదువుతారు. చెల్లెలు చక్కని తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆమె పెళ్లికి అచ్చువేసిన తెలుగు శుభలేఖను ఆమెకు మరొకరు చదివి వినిపించాలి. భాషాశాస్త్ర పరంగా ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో పిల్లలకు తొలి అక్షరాలు దిద్దించేది ఎక్కువగా తల్లి. తల్లికి లిపి రాని ఇంట్లో మాట ఒక తరం నిలుస్తుంది, రాత ఆ తరంలోనే ఆగుతుంది. తెలుగు బడి పోయినందువల్ల లిపి పోయిందని మనం రాస్తూ వచ్చాము. ఆడపిల్లకు వేరు బడి వెతికినందువల్ల కూడా లిపి పోయిందని రాయవలసి ఉంది.

మహారాష్ట్రకు వస్తే ఈ కథకు శ్రమ తోడవుతుంది. సోలాపూరుకు తెలంగాణ నుంచి వెళ్లి మగ్గాలను ఆధారం చేసుకున్న పద్మశాలి కుటుంబాల్లో ఆడవారికి బీడీల పని ఉంది. పన్నెండేళ్ల పిల్ల బడికి వెళితే ఇంటి బీడీల లెక్క తగ్గుతుంది. అక్కడ తండ్రి 'మగపిల్లలతో కలిపి చదివించను' అన్నప్పుడు ఆ మాట కింద ఏముందో వెతకాలి. బొంబాయిలో నగరపాలక సంస్థ ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠశాలలు నడిపింది, వాటిలో తెలుగు ఒకటి. బాలబాలికలు అక్కడ కలిసే చదివారు. ప్రాథమిక దశ దాటాక తెలుగులో ఉన్నత పాఠశాల దొరకడం అరుదు. తెలుగు బడి ఉన్న వయసులో సహవిద్య తగాదా లేదు, తగాదా వచ్చే వయసుకు తెలుగు బడి లేదు. ఆ నగరంలో ఈ వివాదం పుట్టకుండానే పోయింది, పరిష్కారమై మాత్రం కాదు.

పర్లాకిమిడి పేరు చెప్పగానే గిడుగు రామమూర్తి గుర్తుకు వస్తారు. 1880లో అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిన ఆయన, తన ఖర్చుతో సవర పిల్లలకు సవరభాషలో చెప్పే బడులు పెట్టారు. పిల్లవాడికి వాడి భాషలోనే చెప్పాలన్న సూత్రాన్ని మన ప్రాంతంలో ఆచరించి చూపిన తొలి వారిలో ఒకరు, తెలుగు తరువాతి కాలంలో అల్పసంఖ్యాక భాషగా మారిన ఊళ్లోనే ఉండడం చరిత్ర చేసే చిత్రాల్లో ఒకటి. ఒడిశా సరిహద్దు పట్టణాల్లో తెలుగు మాధ్యమానికి వచ్చిన ప్రధానమైన కొరత ఉపాధ్యాయులది. అందులో స్త్రీల కొరత మరీ ఎక్కువ. తెలుగు తరగతిలో చదివి పైకి వచ్చిన అమ్మాయిలు లేనప్పుడు తెలుగులో చెప్పగల ఉపాధ్యాయురాలు ఎక్కడినుంచి వస్తుంది? ఉపాధ్యాయురాలు లేదని అమ్మాయిని పంపరు. మేరీ కార్పెంటర్ చెప్పిన చిక్కుముడి ఇదే, ఒక భాష అదనంగా చేరింది.

యానాం మాత్రం ఈ వరుసలోకి రాదు. 1954 నవంబరు 1న వ్యవహారరీత్యా, 1962 ఆగస్టు 16న న్యాయరీత్యా భారతదేశంలో చేరిన ఈ గోదావరీతీర ప్రాంతం పుదుచ్చేరికి దూరమైనా, లోపల తెలుగువారే అధికులు. 1965 నాటి అధికారభాషా చట్టం అక్కడ తెలుగు వాడకాన్ని గుర్తించింది. పాఠ్యక్రమం కూడా చాలాకాలం ఆంధ్రప్రదేశ్‌దే. పదిహేనుమందిని లెక్కపెట్టి చూపవలసిన అవసరం లేనిచోట బాలికల పాఠశాల కావాలా, మిశ్రమ పాఠశాల కావాలా అన్నది కేవలం ఆ ప్రశ్నగానే చర్చించుకోవచ్చు. గోడ కడితే భాష పోదు. మిగిలిన ప్రాంతాల తెలుగువారికి దొరకని సౌఖ్యం ఇది.

కర్ణాటకలో తల్లిదండ్రుల ఇష్టం అన్న మాట న్యాయస్థానాల దాకా వెళ్లింది. మైసూరులో 1881లోనే మహారాణి బాలికా పాఠశాల తెరిచిన రాజ్యం అది. ఆడపిల్లల వేరు చదువుకు అక్కడ రాజాదరణ ఉంది. గోకాక్ సంఘం, 1980ల భాషా ఉద్యమం తరువాత 1994 ఏప్రిల్ 29న వచ్చిన ఉత్తర్వు ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు మాతృభాషలో గాని కన్నడంలో గాని బోధించాలన్నది. ఇరవై ఏళ్ల వ్యాజ్యం తరువాత 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మాధ్యమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులదేననీ, దాన్ని రాష్ట్రం బలవంతంగా రుద్దరాదనీ తీర్పు చెప్పింది. తల్లిదండ్రులు ఎంచుకున్నది ఎక్కువగా ఇంగ్లీషు. కోలారు, పావగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో కూడా అంతే.

ఇక్కడే పాత లెక్క తలకిందులైంది. వెనకటి తరంలో తెలుగు తరగతి నుంచి తప్పుకున్నది ఆడపిల్ల. ఈ తరంలో తప్పుకుంటున్నది మగపిల్లవాడు. ఫీజు కట్టగలిగినది ఒక్కరికే అయినప్పుడు ఇంగ్లీషు మాధ్యమ ప్రైవేటు బడికి కొడుకును పంపి, కూతురిని ఉచితమైన ప్రభుత్వ బడిలో ఉంచడం మేము చాలా ఇళ్లలో చూశాము. అక్కడక్కడ తెలుగు మాధ్యమం మిగిలిన ప్రభుత్వ పాఠశాలలో పేరుకు సహవిద్యే, బెంచీల మీద ఆడపిల్లలే ఎక్కువ. ఒకప్పుడు మగపిల్లలున్నారని కూతురిని మాన్పించిన కుటుంబపు మనుమరాలు ఇప్పుడు మగపిల్లలు లేని తరగతిలో కూర్చుని, సంఖ్య చాలదని ఆ తరగతి ఎప్పుడు ఎత్తేస్తారో అని చూస్తోంది. దీనిని స్త్రీవిద్య విజయమని రాసేవారికి మేము అడ్డు రాము. కాని ఆ పిల్లకు ఆ సీటు దక్కినది ఇంట్లో ఎవరూ దానిని కోరుకోనందువల్ల.

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం మరో మలుపు. ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి ఎక్కుతూ, తమిళం మొదటి భాగంగా అందరికీ తప్పనిసరి అయింది. మాతృభాష ఐచ్ఛికంగా నాలుగో భాగంలోకి వెళ్లింది. 2016 నుంచి పదో తరగతి పరీక్షలో అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు మినహాయింపు కోసం ఏటేటా న్యాయస్థానాలకు వెళ్లవలసివచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఆ ఏటికి మినహాయింపు ఇచ్చింది. ఈ వ్యాజ్యాలు భాషను గురించినవి, వాటిని మేము తక్కువచేయము. ఐచ్ఛికమన్న మాట ఇంట్లోకి వచ్చాక ఏమవుతుందో కూడా చూడాలి. ఐచ్ఛిక తరగతి సాధారణంగా బడివేళకు ముందో తరువాతో పెడతారు. పొద్దుపోయాక ఆగి తెలుగు నేర్చుకుని ఒంటరిగా ఇల్లు చేరవలసిన అమ్మాయి గురించి ఆ వెనకటి బస్సు ప్రశ్నే మళ్లీ వస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఈ రెండు దారులూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని 29వ సెక్షను అంటుంది. బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని షెడ్యూలు అంటుంది. దాని కింద వచ్చిన నిబంధనలు ఐదో తరగతి వరకు కిలోమీటరు దూరంలో, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలంటాయి. ఆ మూడు కిలోమీటర్ల లోపల ఉండవలసినది ఏ భాష బడి అన్నది చెప్పలేదు. ఎనిమిది దాటాక ఆ చట్టమే లేదు. తెలుగు ఊళ్లలో మేము కలిసిన తల్లులు ఈ సెక్షన్ల పేర్లు ఎరుగరు. ముందస్తు రిజిస్టరు సంగతి విన్నవారు కూడా వారిలో తక్కువ. బడి తెరవడానికి మూడు నెలల ముందంటే మార్చి నెల. ఆ నెలలో ఊరి తెలుగు సంఘాలవారు ఉగాది సభకు చందాలు వసూలు చేస్తూ గడప గడపకూ తిరుగుతారు. ఎనిమిదో తరగతికి వచ్చే ఆడపిల్లల పేర్లు అడిగి అదే పుస్తకంలో రాసుకుని ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వడానికి మరో ప్రయాణం అక్కర్లేదు.